ఒకే ఫారం, మూడు స్కోర్లు: బోర్డర్‌లైన్ పది ప్రశ్నల టెస్ట్ మీద నా రివ్యూ

ఎనిమిది, అయిదు, ఏడు. ఒకే మనిషి ఒకే పది ప్రశ్నల ఫారాన్ని నాలుగు నెలల్లో మూడు సార్లు నింపితే వచ్చిన స్కోర్లు ఇవి. ఆ మనిషిని నేనే. ఈ టెస్ట్ గురించి తెలుగులో వెతికితే "మీకు ఈ జబ్బు ఉందేమో రెండు నిమిషాల్లో తెలుసుకోండి" లాంటి వీడియోలు తప్ప, నింపినవాళ్ళు తమ అనుభవం రాసింది నాకు ఒక్కటీ దొరకలేదు. అందుకే నేనే రాస్తున్నాను, కొంచెం పొడుగే.

ముందు ఫారం సంగతి. దీని పేరు మెక్‌లీన్ స్క్రీనింగ్ ఇన్‌స్ట్రుమెంట్. అమెరికాలో బోస్టన్ పక్కన బెల్మాంట్ అనే ఊళ్ళో మెక్‌లీన్ అని మానసిక వైద్యానికి పేరున్న ఆసుపత్రి ఉంది, హార్వర్డ్‌కి అనుబంధంగా పనిచేస్తుంది. అక్కడ మేరీ జనారిని, ఆవిడతో పనిచేసేవాళ్ళు కలిసి 2003లో దీన్ని బయటికి తెచ్చారు. బోర్డర్‌లైన్ పర్సనాలిటీ డిజార్డర్ అంటే భావాలూ, బంధాలూ, నేనెవరన్న భావనా నిలకడగా ఉండని మానసిక జబ్బు. దానికి డాక్టర్లు చూసే లక్షణాలు తొమ్మిది, వాటిలో కనీసం అయిదు ఉండాలి. ఈ ఫారంలో ఆఖరి లక్షణాన్ని రెండు ప్రశ్నలుగా విడగొట్టి మొత్తం పది చేశారు. అన్నిటికీ జవాబు అవును లేదా కాదు, అంతే. దగ్గరివాళ్ళతో ఎప్పుడూ గొడవలూ తెగతెంపులూనా, మిమ్మల్ని మీరు గాయపరచుకున్నారా, డబ్బు తగలేయడం, మితిమీరి తినడం, తాగడం లాంటివి చెయ్యి దాటిపోతున్నాయా, మూడ్ గంటగంటకీ మారుతుందా, కోపం, మనుషుల మీద అపనమ్మకం, చుట్టూ ఉన్నదంతా నిజం కాదేమో అనిపించడం, లోపల వెలితి, నేనెవరో నాకే తెలియకపోవడం, వదిలేసి వెళ్ళిపోతారేమోనని కాళ్ళావేళ్ళా పడటం. ఏడు గానీ అంతకంటే ఎక్కువ గానీ "అవును"లు వస్తే స్క్రీన్ పాజిటివ్ అంటారు, అంటే జబ్బు ఉండవచ్చు, వివరంగా చూడాలి అని. ఇంటర్నెట్‌లో ఉచితంగానే దొరుకుతుంది, అయిదు నిమిషాలు కూడా పట్టదు.

ఇది నా చేతికి వచ్చేసరికి నా దగ్గర ఒక నీలం ప్లాస్టిక్ ఫైల్ ఉంది. తెనాలిలో నాన్న కొనిచ్చింది, జిప్ ఉన్నది. ఒక ఆదివారం గదిలో నేల మీద కూర్చుని అందులోవన్నీ బయటికి తీసి పరిచాను. ఇరవై రెండు నెలలకి పదకొండు మంది డాక్టర్ల చీటీలు. గుండె దడకి మూడు ఈసీజీలు, అందులో పాతది రంగు వెలిసి గీతలు కనిపించీ కనిపించనట్టు ఉంది. ఒక టూడీ ఎకో, కడుపునొప్పికి ఒక ఎండోస్కోపీ, తలనొప్పికి ఎమ్మారై, థైరాయిడ్ నాలుగు సార్లు, విటమిన్ డి రెండు సార్లు. అర్ధరాత్రి క్యాజువాల్టీకి వెళ్ళిన స్లిప్పులు రెండు. అన్నీ నార్మల్. అమ్మ ప్రతిసారీ "నార్మల్ అన్నారుగా తల్లీ, దేవుడి దయ" అనేది, నాకేమో రిపోర్టు నార్మల్ అని చూసినప్పుడల్లా ఏడుపొచ్చేది. నొప్పి నిజం, దడ నిజం. ఆ పదకొండు మందిలో ఒక్కరు కూడా ఆ పది ప్రశ్నల్లో ఒక్కటి కూడా అడగలేదు. మధ్యలో మందుల షాపు అతనే ఒకసారి అడిగాడు, "నిద్ర పడుతోందా అమ్మా" అని.

తర్వాత చదివితే తెలిసింది, నేను ఒక్కదాన్నే కాదు. ఇలాంటి ఫారాల్లో ఎక్కువ స్కోరు వచ్చేవాళ్ళు మామూలు జనరల్ డాక్టర్ల దగ్గరికి ఎక్కువ సార్లు వెళ్తారని, ఎక్కువమంది స్పెషలిస్టుల్ని మారుస్తారని, మందుల చీటీలు కూడా ఎక్కువేనని అమెరికాలో ఒహాయోలో రాండీ శాన్సోన్ అనే డాక్టర్ ఏళ్ళ తరబడి చేసిన పరిశోధనల్లో ఉంది. ఆయన వేరే ఫారం కూడా తయారుచేశారు, ఇరవై రెండు ప్రశ్నలది, తనని తాను దెబ్బతీసుకునే అలవాట్ల గురించి. 2002లో న్యూయార్క్‌లో ఒక జనరల్ క్లినిక్‌కి వచ్చే మామూలు పేషెంట్లని పరీక్షిస్తే వందలో ఆరుగురికి పైగా ఈ సమస్య కనిపించింది. వాళ్ళలో దాదాపు సగం మంది అంతకుముందు ఏడాదంతా మనసుకి సంబంధించి ఏ వైద్యమూ తీసుకోలేదు. వాళ్ళకి మనసు బాగాలేదన్న సంగతి చాలామంది విషయంలో సొంత డాక్టరుకే తెలియదు. అది చదివి ఫైల్ మూసేశాను, చాలాసేపు అలాగే కూర్చున్నాను.

మొదటిసారి ఫారం నింపింది రాత్రి ఒంటిగంటకి, ఫోన్‌లో. ఆ సాయంత్రం నాకు బాగా దగ్గరైన ఒక మనిషితో గొడవైంది, ఫోన్ ఎత్తలేదు, నలభై సార్లకి పైగా చేశాను. రెండు రోజులుగా నిద్ర లేదు. ఎనిమిది వచ్చింది. స్క్రీన్ మీద ఎర్ర అక్షరాల్లో "చాలా ఎక్కువ అవకాశం" అని వచ్చి, కింద వెంటనే థెరపీ బుక్ చేసుకోమని బటన్. నేను ఈ వెబ్‌సైట్ల మీద గట్టిగా అనేది ఇదే. ఫారం తయారుచేసినవాళ్ళు దీన్ని జబ్బు తేల్చడానికి తయారుచెయ్యలేదు, ఎవరిని కూర్చోబెట్టి వివరంగా మాట్లాడాలో ఏరుకోవడానికి చేశారు. రాత్రి ఒంటిగంటకి ఒంటరిగా ఉన్న మనిషికి ఎర్ర అక్షరాల్లో ఆ మాట చూపించి, కింద ఒక బటన్ పెట్టి వదిలేయడం తప్పు. ఆ పేజీలో ఎక్కడా ఒక హెల్ప్‌లైన్ నంబర్ లేదు. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబర్ 14416 నాకు అంతకుముందే తెలుసు కాబట్టి చేశాను. 2022 అక్టోబర్‌లో మొదలైంది, డబ్బులేమీ లేవు, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగు ఎంచుకోవచ్చు. అవతల ఉన్నావిడ నా స్కోరు ఎంతని అడగలేదు, తిన్నారా అని అడిగింది.

రెండోసారి హైదరాబాద్‌లో ఒక పెద్ద ప్రైవేట్ ఆసుపత్రిలో, పేరు రాయను. సైకియాట్రీ ఓపీ, ఎనిమిది వందలు. రిసెప్షన్‌లో అమ్మాయి పరీక్ష అట్టకి ఫారం క్లిప్ చేసి ఇచ్చింది, నింపి తెమ్మంది. వెయిటింగ్ హాల్లో ఇనప కుర్చీల వరస, నా పక్కన నాన్న, ఆయన పక్కన ఎవరో పెద్దాయన. నాన్న కళ్ళజోడు పెట్టుకుని నాతోపాటు చదువుతున్నాడు, నాకు ఏదైనా అర్థం కాకపోతే చెబుదామని. ఆయన ఉద్దేశం మంచిదే. గాయపరచుకోవడం గురించిన రెండో ప్రశ్న దగ్గరకొచ్చేసరికి పెన్ను ఆగిపోయింది. నాన్న పక్కన కూర్చుని ఉండగా ఆ గడిలో "అవును" ఎలా పెడతాను? కాదు అని పెట్టాను. తాగుడు మాటున్న ప్రశ్నకి కూడా కాదు అనే పెట్టాను, అది పెడితే ఆయన ఇంటికెళ్ళే దాకా మాట్లాడడు. వదిలేస్తారన్న భయం గురించిన ప్రశ్నకి కూడా అంతే. అయిదు వచ్చింది. లోపల డాక్టర్ గారు మొత్తం మాత్రం చూశారు, అయిదు, కటాఫ్ కింద, డిప్రెషన్ అన్నారు, రెండు మాత్రలు రాశారు, నాలుగు నిమిషాలైంది. ఆయన్ని తప్పుబట్టను, బయట అరవై మంది ఉన్నారు. కానీ నేను "కాదు" అన్న గడుల మీద ఆయన వేలు కూడా పడలేదు.

ఫారంలో లోపం ఉంటే ఉంది, దాన్ని ఎక్కడ కూర్చోబెట్టి నింపిస్తారన్నది అంతకంటే పెద్ద లోపం. మన దగ్గర ఆసుపత్రికి ఒంటరిగా వెళ్ళేవాళ్ళు తక్కువ. అమ్మో, మొగుడో, అత్తగారో, అన్నయ్యో పక్కన ఉంటారు. గొడవలున్నాయా అన్న మొదటి ప్రశ్నకి అత్తగారి పక్కన కూర్చుని ఏ కోడలు నిజం రాస్తుంది? ఒక చిన్న గది, లేదా కనీసం దూరంగా ఒక కుర్చీ, "మీరు కాసేపు బయట ఉండండి అండి" అని చెప్పే ఒక నర్సు, ఇంతే కావాలి. ఖర్చు లేని పని.

మూడోసారి ఒక క్లినికల్ సైకాలజిస్టు దగ్గర. స్నేహితురాలు చెప్తే వెళ్ళాను. వెళ్ళేముందు ఆవిడ ఆర్‌సీఐ (క్లినికల్ సైకాలజిస్టులని నమోదు చేసే కేంద్ర సంస్థ) రిజిస్ట్రేషన్ చూసుకున్నాను, మీరూ చూసుకోండి, కౌన్సెలర్ అని బోర్డు పెట్టుకున్న ప్రతి ఒక్కరూ క్లినికల్ సైకాలజిస్టు కారు. ఆవిడ అమ్మని బయట కూర్చోబెట్టి, తలుపు వేసి, నన్ను ఒంటరిగా ఫారం నింపమన్నారు. అసలు పని ఆ తర్వాతే మొదలైంది. పది ప్రశ్నలకీ ఒక్కొక్కదానికి, అవునన్నా కాదన్నా, ఒకటే అడిగారు: "ఆఖరిసారి ఎప్పుడు? ఆ రోజు ఏం జరిగిందో చెప్పండి." మూడు సిటింగులు పట్టింది. చుట్టూ ఉన్నది నిజం కాదనిపిస్తుందా అన్నదానికి రాత్రి ఒంటిగంట నాటి నేను అవునన్నాను, మాట్లాడుతూంటే తేలింది, అది నిద్ర లేని రోజుల్లో తప్ప ఎప్పుడూ లేదు. అది కొట్టేశాం. నాన్న పక్కన కాదన్న మూడూ ఈసారి అవునయ్యాయి. అంతకుముందు అవునన్న అపనమ్మకం దగ్గర కొంచెం వాదించుకున్నాం, చివరికి దాన్ని అవును అనే ఉంచారు. ఏడు. ఆ తర్వాత ఆవిడ ఫారం పక్కన పెట్టేసి, చిన్నప్పటి నుంచీ అడిగి, సైకియాట్రిస్టుతో కూడా మాట్లాడి, అప్పుడు చెప్పారు బోర్డర్‌లైన్ అని. పదకొండు మంది తర్వాత మొదటిసారి ఎవరో నాకు నార్మల్ అని చెప్పలేదు. రిలీఫ్‌గా అనిపించింది, దాన్ని ఇంకే మాటతో చెప్పాలో తెలియదు.

మా ఆఫీసులో ఒకమ్మాయికి కూడా ఇదే ఫారంలో ఏడు వచ్చింది. తనకి బోర్డర్‌లైన్ కాదు, బైపోలార్ (కొన్నాళ్ళు మితిమీరిన ఉత్సాహం, కొన్నాళ్ళు కుంగుబాటు విడతలుగా వచ్చే జబ్బు) అని తేలింది, మందులు వేరు, దారి వేరు. ఇది అరుదేమీ కాదు, లెక్క వేసి చూడండి. మొదట 200 మంది మీద పరీక్షించినప్పుడు, జబ్బు ఉన్నవాళ్ళలో వందకి 81 మందిని ఈ ఫారం పట్టుకుంది, లేనివాళ్ళలో వందకి 85 మందిని సరిగ్గా లేదని వదిలేసింది. వినడానికి చాలా బాగుంది. ఇప్పుడు మామూలు జనంలో వెయ్యి మందికి ఇచ్చామనుకోండి, వందకి ఇద్దరికి ఈ జబ్బు ఉందనుకుంటే ఇరవై మంది. వాళ్ళలో పదహారు మంది దొరుకుతారు. మిగతా 980 మందిలో 147 మందికి లేకపోయినా ఏడు దాటుతుంది. అంటే ఏడు దాటిన 163 మందిలో నిజంగా ఉన్నది పదహారు మందికి, పదిలో ఒకరికి. అదే ఫారం మానసిక వైద్యుడి దగ్గరికి వచ్చే వెయ్యి మందికి ఇస్తే, అక్కడ వందకి ఇరవై మందికి ఉందనుకుంటే, ఏడు దాటిన 282 మందిలో 162 మందికి నిజంగా ఉంటుంది, సగానికి పైగా. కాగితం మారలేదు, ఎక్కడ ఇచ్చామన్నది మారింది. అందుకే రీల్స్‌లో ఈ టెస్ట్ పెట్టి స్కోరు షేర్ చెయ్యమనేవాళ్ళని చూస్తే నాకు కోపం వస్తుంది. ఇంటర్ పిల్లలు కూడా చేస్తున్నారు, ఆ వయసులో మూడ్ మారకుండా, నేనెవరు అని అనుకోకుండా ఎవరుంటారు?

ఇక తెలుగు. ఒక యాప్‌లో ఈ ఫారం తెలుగులో ఉందని దించుకుని, అమ్మకి అర్థమయ్యేలా చదివి వినిపిద్దామని కూర్చున్నాను. వెలితి గురించిన ప్రశ్న అందులో ఇలా ఉంది: "మీరు ఎల్లప్పుడూ ఖాళీగా ఉంటారా?" అమ్మ వెంటనే అంది, "నువ్వెక్కడ ఖాళీగా ఉంటావే, పొద్దున ఎనిమిదింటికి వెళ్తే రాత్రి తొమ్మిదింటికి వస్తావు." అమ్మ తప్పేముంది, తెలుగులో ఖాళీగా ఉండటమంటే పని లేకుండా ఉండటం. సైకాలజిస్టు మేడమ్ అమ్మని అదే ప్రశ్న వేరేగా అడిగారు: "అందరూ ఉన్నా, అన్నీ ఉన్నా, లోపల గుల్లగా, ఏదో లేనట్టు ఉంటుందని మీ అమ్మాయి ఎప్పుడైనా అందా అండి?" అమ్మ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, నేను తొమ్మిదో క్లాసులో ఉండగా సంక్రాంతి రోజు, ఇల్లంతా చుట్టాలు ఉండగా, పెరట్లో నీళ్ళ తొట్టి పక్కన కూర్చుని "నాకు లోపల ఏమీ లేదమ్మా" అన్నానని చెప్పింది. నాకు గుర్తు లేదు. అమ్మ పదహారేళ్ళు దాచుకుంది ఆ మాట. యాప్ చేసినవాళ్ళు ఒక్క తెలుగు మనిషికి చదివి వినిపించి ఉంటే ఆ వాక్యం అలా ఉండేది కాదు. అపనమ్మకం దగ్గర కూడా "అనుమానం" అని పెట్టారు, మన ఇళ్ళలో ఆ మాటకి మొగుడూ పెళ్ళాల గొడవ తప్ప ఇంకో అర్థం తట్టదు.

బోర్డర్‌లైన్ అన్న పేరుతో ఇంకో తిప్పలు. నాన్నకి షుగర్ "బోర్డర్‌లైన్‌లో ఉంది" అని డాక్టర్ ఎప్పుడో చెప్పాడు, అంటే ఇంకా రాలేదు, జాగ్రత్తగా ఉండమని. నాకు బోర్డర్‌లైన్ అని చెప్పగానే నాన్న మొహం వెలిగింది, "బోర్డర్‌లోనే ఉందిగా, పూర్తిగా రాలేదు, తీపి తగ్గించినట్టు కోపం తగ్గించుకో" అన్నాడు. ఆ పేరు 1938లో అడాల్ఫ్ స్టెర్న్ అనే సైకోఅనలిస్టు రాసిన దాంట్లోది, అప్పట్లో రెండు రకాల మానసిక జబ్బులకి మధ్య సరిహద్దులో ఉన్నారని అలా పిలిచారు, ఆ అర్థం పోయినా పేరు ఉండిపోయింది. కాస్త ఉన్నట్టూ కాస్త లేనట్టూ కాదని నాన్నకి చెప్పడానికి మాకు ఒక పూర్తి సిటింగ్ పట్టింది, ఇప్పుడు ఆయనకి తెలుసు.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. ఫారం ఉచితం, తర్వాతిది కాదు. నాకు సిటింగ్‌కి పదిహేను వందలు, వారానికి ఒకటి. 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం ప్రకారం మానసిక జబ్బుకి కూడా మిగతా జబ్బులతో సమానంగా ఇన్సూరెన్స్ ఇవ్వాలి, కానీ నా పాలసీ అడ్మిట్ అయితేనే ఇస్తుంది, వారం వారం మాట్లాడే వైద్యానికి రూపాయి రాదు. ఎండోస్కోపీలూ ఎమ్మారైలూ కలిపి నేను పెట్టిన ఖర్చుతో ఏడాదికి పైగా థెరపీ అయ్యేది, ఇది నేను రసీదులు పెట్టుకుని కూడి చూసిన లెక్క. అంత పెట్టలేనివాళ్ళకి హైదరాబాద్‌లో ఎర్రగడ్డ మానసిక వైద్యశాల, విశాఖలో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉన్నాయి. ఎర్రగడ్డ పేరు వినగానే వెనక్కి తగ్గకండి, అది ఓపీ చూసే ఆసుపత్రి, వెళ్ళి చూపించుకుని సాయంత్రానికి ఇంటికి వస్తారు.

వైద్యం గురించి క్లుప్తంగా. ఈ జబ్బుకంటూ ప్రత్యేకంగా ఆమోదం పొందిన మాత్ర ఏదీ లేదు, బ్రిటన్‌లో 2009 నాటి మార్గదర్శకాలు కూడా దీనికోసమే మందులు వాడొద్దన్నాయి. పక్కన డిప్రెషన్ లాంటిది ఉంటే దానికి వాడతారు. నా మందుల కవర్లో అప్పటికి అయిదు రకాలున్నాయి, సైకియాట్రిస్టు ఒక్కొక్కటే మెల్లగా తగ్గిస్తూ ఒకటికి తెచ్చారు (మీ అంతట మీరు ఆపొద్దు, నేను ఒకసారి ఆపి వారం రోజులు నరకం చూశాను). ప్రధానమైనది మాట్లాడే వైద్యం. నాకు చేస్తున్నది డీబీటీ (డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ, తీవ్రమైన భావాల్ని తట్టుకునే పద్ధతులు నేర్పేది), సియాటిల్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీలో మార్షా లైనహాన్ రూపొందించింది. తనకీ చిన్న వయసులో ఇలాంటి బాధే ఉండేదని, ఆసుపత్రిలో ఉన్నానని 2011లో ఆవిడే బయటికి చెప్పారు. రోజూ ఒక కార్డు నింపాలి, ఏ భావం ఎంత తీవ్రంగా వచ్చింది, అప్పుడేం చేశాను. మెక్‌లీన్‌లోనే జనారిని వాళ్ళు 290 మంది పేషెంట్లని పదేళ్ళు వెంట ఉండి చూస్తే 93 శాతం మందికి కనీసం రెండేళ్ళ పాటు లక్షణాలు జబ్బు అనలేనంతగా తగ్గాయి. ఉద్యోగం, మనుషులు, అన్నీ కూడా నిలబడి బాగా కోలుకున్నది సగం మందే. రెండు అంకెలూ తెలుసుకోవాలి. అమ్మకి మాత్రం 93 ఒక్కటే చెప్పాను.

రేటింగ్ అడిగితే, తలుపు వేసి ఒంటరిగా నింపనిచ్చి, తర్వాత పని తెలిసిన నిపుణులు కూర్చుని మాట్లాడితే ఈ ఫారానికి 5కి 4 ఇస్తాను. ఆ ఒక్కటి కోసేది "ఎప్పటి నుంచి" అని ఎక్కడా అడగనందుకు. వెయిటింగ్ హాల్లో నింపిస్తే 2. వెబ్‌సైట్‌లో ఎర్ర అక్షరాలతో అయితే ఇవ్వడానికి ఏమీ లేదు. జనరల్ డాక్టర్లకి నా విన్నపం ఒకటే, రిపోర్టులన్నీ నార్మల్ అని మూడోసారి రాసేటప్పుడు, ఈ పదిలో ఒక్క ప్రశ్నయినా అడగండి సార్. నింపబోయేవాళ్ళకి, గొడవైన రాత్రి నింపకండి, నిద్రపోయిన రోజు నింపండి, ప్రతి "అవును" పక్కనా ఒక తేదీ, ఒక సంఘటన రాసుకుని ఆ కాగితం పట్టుకుని వెళ్ళండి. నాకు మూడు సిటింగులు పట్టింది, మీకు ఒకటి తగ్గవచ్చు.

నీలం ఫైల్ ఇంకా ఉంది. ఈ ఏడాది అందులో చేరింది ఒక్కటే, మొన్న జూన్‌లో తీయించుకున్న పంటి ఎక్స్‌రే.